ఓడదొంగల ఆట వెనకాల ఉండిపోయిన గొంతు

ఈవేళ పొద్దున నేనొక తప్పు చేశాను. అటక మీది పాత సామానంతా విప్పి చూడకుండా బండివాడికి ఎత్తి ఇచ్చేశాను. గోతాలు ఒకసారి విప్పి చూసుకోమని మా ఆవిడ చెబుతూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరూ ముట్టనివాటిలో చూసుకోవడానికి ఏముంటుందని నేనే విసుక్కున్నాను. బొమ్మ రాని టీవీ, మీటలు ఊడిపోయిన ఒక కంప్యూటరు, టేప్‌రికార్డరు, గోతాం నిండా క్యాసెట్లు, అన్నీ బండిలో వేయించి గేటు మూసి లోపలికి వచ్చాను. భోజనానికి కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ గోతాంలో ఒక క్యాసెట్టు నాది కాదని. కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాను.

ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలంటే ముందు ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. నా ఈడువాళ్ళలో కూడా మన వైపు దాన్ని చూసినవాళ్ళు తక్కువే. మా చిన్న మేనమామ సరుకుల ఓడ మీద ఇంజనీరుగా ఉండేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ సింగపూర్ నుంచి దాన్ని నాకోసం తెచ్చాడు. హార్మోనియం పెట్టెలో సగం ఉండేది, మీటల పలక తప్ప ఇంకేమీ లేదు. తెర కావాలంటే టీవీకి తగిలించాలి, ఆట కావాలంటే టేప్‌రికార్డరుకు తగిలించాలి. మనం పాటలు వినే మామూలు క్యాసెట్టే, అందులో పాటకు బదులు ఈలపురుగులు గుంపుగా చెవి పక్కన చేరి అరిచినట్టు ఒకటే కీచుమనే మోత. ఆ మోత అయిపోయేదాకా ఓపికగా కూర్చుంటే ఆట తెర మీదికి వచ్చేది. మధ్యలో ఏ చిన్న తేడా వచ్చినా మళ్ళీ మొదటికే.

అది ఓడదొంగల ఆట. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అందులో ఓడా లేదు, దొంగా లేదు, బొమ్మ అనేదే లేదు. నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు కనపడేవి: నువ్వు సముద్రపు ఒడ్డున ఉన్నావు, ఎదురుగా గుహ ఉంది, కొమ్మ మీద చిలుక ఉంది, ఇప్పుడేం చేస్తావు? మనం రెండు మాటల్లో జవాబు కొట్టాలి. గో కేవ్ అంటే గుహలోకి వెళ్ళినట్టు. తెర మీద షవల్ అని వచ్చినప్పుడు అదేమిటో నాకు తెలియలేదు, నిఘంటువు తీసి చూస్తే పార అని ఉంది. మా తోట పాకలో మూలకు ఆనించి ఉండే పారే. జన్మలో ఒక్కసారి కూడా దాన్ని చేత్తో పట్టని నేను, ఆ మాట తెర మీద కొట్టి ఎక్కడో దీవిలో ఇసుక తవ్వేస్తున్నందుకు పొంగిపోయేవాణ్ణి.

ఇంటర్ పరీక్షలు రాసి ఎంట్రన్సు ఫలితాల కోసం చూస్తున్న వేసవి అది. నూజివీడు చుట్టుపక్కల వేసవి అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నాన్న, కూలీలు చీకటి ఉండగానే తోటలో ఉండేవారు. గడకు కట్టిన చిక్కాలతో కోసిన కాయ కోసినట్టే గంపల్లోకి, గంపలు లారీలోకి, రసాలు ఒక పక్క, బంగినపల్లి ఒక పక్క, మా వసారా అంతా వరిగడ్డి, సొన వాసన. ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. చిన్నబాబు కంప్యూటరు చదువుతున్నాడని అమ్మ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. ఆ చదువు ఏమిటో తెరకు, నాకు మాత్రమే తెలుసు.

మా తోటకు కాపలా ఒక ముసలాయన, మేం కాపలా తాత అనేవాళ్ళం. ఆయన కొడుకు పెళ్ళయిన ఏడాదికే దుబాయిలో కట్టడం పనికి వెళ్ళాడు. కోడలు తాతతోనే తోట పాకలో ఉండి కాయలు ఏరే పనికి వచ్చేది. ఇంట్లోవాళ్ళూ కూలీలూ అందరూ ఆమెను కోడలుపిల్ల అనే పిలిచేవారు. ఆమెకు ఒక పేరుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది, అయినా నేను నువ్వు అనేవాణ్ణి, ఆమె మీరు అనేది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

కోతలు మొదలయ్యే రోజుల్లో మైలవరం వైపు మనిషి ఒకడు దుబాయి నుంచి సెలవుకు వస్తూ ఒక వాసన సబ్బు, ఒక క్యాసెట్టు తెచ్చి తాతకు ఇచ్చి వెళ్ళాడు. ఉత్తరం రాయడం రానివాళ్ళు అలా క్యాసెట్లో మాట్లాడి పంపించే రోజులవి, మీకు గుర్తుండే ఉంటుంది. వినడానికి పాకలో ఏముంది? సాయంత్రం పని దిగాక తాత, ఆయన అన్నదమ్ములు, కూలీలు, అందరూ మా వసారాలో చేరారు. టేప్‌రికార్డరు తిప్పే పెద్దమనిషిని నేను.

ఆ క్యాసెట్లకు ఒక పద్ధతి ఉండేది. పెళ్ళి శుభలేఖలో పేర్లకు ఉన్నంత వరుస ఉండేది. ముందు తండ్రికి, తల్లి ఉంటే తల్లికి, పెదనాన్నలకు, చిన్నాన్నలకు, మేనత్తలకు, పనిచ్చిన ఆసాములకు, ఇరుగుపొరుగుకు, పేరు పేరునా నమస్కారం చెప్పి, ఒంట్లో ఎలా ఉందని అడిగి, ఎవరినైనా మర్చిపోతే తిరిగొచ్చాక మాట పడాలి కనక తలుచుకుని తలుచుకుని చెప్పి, అందరూ అయ్యాక, టేపు ఇంకా మిగిలి ఉంటే, అప్పుడు భార్యకు. ఆమె కోసమే మాట్లాడుతున్నా సరే, ఆమె వంతు ఆఖరునే. తాత కొడుకు అందరికీ నమస్కారాలు చెప్పాడు. మా నాన్నకు చెప్పాడు. నాక్కూడా చెప్పాడు: "చిన్నబాబుగారండీ, ఇది తిప్పేది మీరేగా, మధ్యలో ఆపేయకండి, చివరంటా వినిపించండి." వసారాలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాసేపటికి అతనే, "ఇంక పెద్దలందరూ లేవండి, ఇక్కణ్ణుంచి మా ఇంటిదానికి" అన్నాడు. తాత దగ్గి లేచాడు. లేవనివాళ్ళు మాత్రం చెవులు ఇటే పెట్టి కూర్చున్నారు. కోడలుపిల్ల స్తంభం వెనక నుంచి ముందుకొచ్చి, తల వంచుకునే, "ఆపండి బాబూ" అంది. ఆ తర్వాత నా దగ్గరగా వచ్చి మెల్లిగా, ఎవరూ లేనప్పుడు వచ్చి వింటానని, అందాకా క్యాసెట్టు మీ దగ్గరే జాగ్రత్తగా ఉంచమని అడిగింది. నేను సరేనని క్యాసెట్టును మొదటికి తిప్పి టీవీ కింది అరలో పెట్టాను.

ఆమె వచ్చింది. కోతల్లో ఎవరికీ ఊపిరి సలపని రోజుల్లో, మధ్యాహ్నం అన్నం తినే వేళ తిండి మానుకుని, సొనకు పొక్కిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేది. టేప్‌రికార్డరు నా ఆటకు తగిలించి ఉండేది. ఆట ఎక్కుతుండగా దాన్ని ఊడదీస్తే మళ్ళీ ఆ మోతంతా విని ఎక్కించుకోవాలి. రేపు రా అనేవాణ్ణి. తలైనా తిప్పకుండా అనేవాణ్ణి. ఆమె కాసేపు ఆ కీచుమోత వింటూ నిలబడి, అలాగే బాబూ అని వెళ్ళిపోయేది. మర్నాడు అదే. ఆ పిల్లకు ఆ నాలుగు మాటలు వినిపించి పంపరా అని అమ్మ వంటింట్లోంచి కేకేసేది. ఆఁ అనేవాణ్ణి. దీవిలో పడవ కట్టడానికి మేకులు ఎక్కడున్నాయో దొరకని తొందరలో ఉండేవాణ్ణి.

చివరికి మేకులు దొరికాయి, పడవ తయారైంది. పోటు వచ్చి నీళ్ళు పెరిగితే తప్ప పడవ కదలదు. ఆ పోటు వచ్చేసరికి కరెంటు తీసే వేళైంది. వేసవిలో మాకు ఆ వేళ అటూ ఇటూ అయ్యేది కాదు. కరెంటు పోతే ఆట మొత్తం పోతుంది. పోకుండా ఉండాలంటే ఎక్కడిదాకా వచ్చామో దాన్ని ఇంకో క్యాసెట్లోకి ఎక్కించి దాచుకోవాలి. కొత్త క్యాసెట్టు లేదు. ఉన్నవన్నీ కొన్న సినిమా పాటల క్యాసెట్లు. వాటి వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేసి ఉంటాయి కనక వాటి మీద రికార్డు కాదు. పలకలు విరగనిది అరలో ఒక్కటే ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు. రెండో వైపు ఖాళీయే కదా అనుకున్నాను. తీశాను, దూర్చాను, ఎర్ర మీట నొక్కాను. ఏ వైపు పెట్టానో చూడలేదు.

రెండు మూడు నిమిషాల పని. అది అయిన కాసేపటికే కరెంటు పోయింది. సమయానికి చేసుకున్నానని మురిసిపోయాను కూడా.

రెండు రోజుల తర్వాత మా వాళ్ళంతా విస్సన్నపేట పెళ్ళికి వెళ్ళారు. ఇల్లు ఖాళీ అని తెలుసుకుని ఆమె వచ్చింది. ఆ రోజు తల స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని వచ్చిందన్న సంగతి నాకు అప్పుడు కాదు, చాలా ఏళ్ళకు తట్టింది. క్యాసెట్టు మొదటికి తిప్పి పెట్టాను. కీచుమంది.

"ఏంటి బాబూ అది?" అని అదిరిపడింది.

నేను వెంటనే ఆపేశాను. తప్పు చేశానని చెప్పడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు, ఆమె తప్ప. అయినా నోరు రాలేదు. నోట్లోంచి వచ్చింది ఇంకో మాట. ఎండకు టేపు కరిగిపోయిందన్నాను. నువ్వు ఆలస్యంగా వస్తే నన్నేం చేయమంటావన్నట్టు ఆ అనడంలో కొంచెం కోపం కూడా కలిపాను.

ఆమె నా మొహం వంక చూసి, "మీ టీవీ ఆట మోతలాగే ఉందే బాబూ" అంది.

కరిగిన టేపు అలాగే అరుస్తుందని చెప్పాను. ఇక ఇది పనికిరాదు, పారేస్తానన్నాను. ఆమె కొంచెంసేపు ఆ టేప్‌రికార్డరు వైపు చూసి, "పోనీలెండి. ఇంకోటి పంపమని రాయించుకుంటా" అని వెళ్ళిపోయింది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఆమె వెళ్ళిన సాయంత్రమే, అదే క్యాసెట్లోంచి ఆటను మళ్ళీ ఎక్కించుకుని, పడవ నడిపి, అవతల ఉన్న రెండో దీవిలో తవ్వి నిధి తీశాను. తెర మీద అభినందనలు అని వచ్చింది. ఆట ఎక్కడం అయిపోగానే టేపు ఆపేశాను, అందరూ అలాగే ఆపుతారు. ఆ మీట ఇంకాస్త ఆగి నొక్కి ఉంటే ఏమయ్యేదో అప్పుడు నాకు తెలియదు.

ఇంకో క్యాసెట్టు రాలేదు. వానలు పడ్డాక వార్త వచ్చింది. కట్టడం మీద నుంచి పడ్డాడన్నారు. మనిషి రాలేదు, అక్కడే పూడ్చారన్నారు. కోడలుపిల్ల మా ఇంటికి వచ్చి ఏడవలేదు. తోటలోనే ఎక్కడో ఏడ్చి ఉంటుంది. ఆ నెలలోనే ఆడపిల్ల పుట్టింది. నేను ఇంజనీరింగులో సీటొచ్చి వెళ్ళిపోయాను. కంప్యూటరు అటకెక్కింది. ఆ క్యాసెట్టు పారేయడానికి చేతులు రాలేదు, ఆమెకు ఇవ్వడానికీ రాలేదు. పాటల క్యాసెట్ల మధ్య కలిపేసి గోతాం మూతి కట్టేశాను. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, తోటలో సగం అమ్మడం, మిగతా సగంలో ఇల్లు కట్టుకుని తిరిగి రావడం, ఇన్ని జరిగినా ఆ ముడి విప్పలేదు. ఆమె కూతురి దగ్గర విస్సన్నపేట రోడ్డు మీది కాలనీలో ఉంటోందని తెలుసు. ఆటోలో వెళ్తూ ఆ కాలనీ వచ్చినప్పుడల్లా ఫోను చూసుకునేవాణ్ణి.

ఈవేళ నూజివీడులో బండివాడు సామాను దింపిన పాత సామాన్ల కొట్టుకు నేను వెళ్ళేసరికి కొట్టాయన నా టేప్‌రికార్డరునే ముందేసుకుని కూర్చున్నాడు. పనిచేస్తుందో లేదో చూద్దామని కరెంటు పెట్టి, గోతాంలో చేతికందిన క్యాసెట్టు ఒకటి మొదటికి తిప్పి వేశాడట. నన్ను చూడగానే నవ్వుతూ, "ఇదేం క్యాసెట్టండీ బాబూ, చెవులు చిల్లులు పడిపోయాయి. ఆపుదాంలే అనుకుని టీ తాగుతూ ఉండిపోయానా, ఎవడో వచ్చి మా చిన్నాన్నకి నమస్కారం అంటున్నాడు" అన్నాడు.

కొట్టులో ఇనుప సామాను మధ్య, ఎప్పుడో చచ్చిపోయిన మనిషి తన మేనత్తలను వరుసగా పలకరిస్తున్నాడు. టేపు అక్కడక్కడ వణుకుతోంది గానీ మాట స్పష్టంగా ఉంది. నేను చెరిపింది మొదటి రెండు మూడు నిమిషాలే. తండ్రికి, పెదనాన్నలకు చెప్పిన నమస్కారాలు. అవి వాళ్ళు వసారాలో కూర్చుని వినేసినవే. మిగతాదంతా ఉంది. ఆమెది ఆఖరు వంతు కనక ఆమెది చెక్కు చెదరలేదు. ఇన్నేళ్ళూ చెరిపేశానని నేను కుమిలింది చెరగనేలేదు. దాన్ని ఆమెకు లేకుండా చేసింది ఆ ఎర్ర మీట కాదు, పారేస్తానన్న నా మాట. కొట్టాయన చేసిందల్లా టీ తాగుతూ ఆగడం. అంత మాత్రం నేను ఆగలేదు.

వింటుండగానే నా పేరు వచ్చింది. చిన్నబాబుగారండీ, మధ్యలో ఆపేయకండి. కొట్టాయన నవ్వాడు. ఆ తర్వాత టేపులో అతను పెద్దలందరూ లేవండి అన్నాడు. ఆ తర్వాత ఒక పేరు పెట్టి పిలిచాడు. మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ పలకని పేరు. అక్కడ ఆపేశాను. అది నేను వినాల్సింది కాదు.

క్యాసెట్టు కాస్త వెనక్కి తిప్పి, టేప్‌రికార్డరుతో సహా తీసుకుని ఆటో ఎక్కి కాలనీకి వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చాకుతో పచ్చి మామిడికాయలు చెక్కి ఒరుగులకు ముక్కలు కోస్తోంది. కూతురు పక్కన చాప మీద ఎండబెడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నిలబడే అంతా చెప్పాను. కూతురు ముందే చెప్పాను.

ఆమె కోసే చెయ్యి ఆపకుండానే, "ఆ రోజే తెలుసు బాబూ. గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు వినలేదు మీ ఆట మోత" అంది.

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను, సిగ్గులేకుండా.

"కరిగిపోయిందన్నారు. కాదంటే మా మావకి కాపలా ఉండేదా?" అంది. కోపంగా అనలేదు. మామిడికాయ పుల్లగా ఉందన్నట్టు అంది. తర్వాత చాకు కింద పెట్టి క్యాసెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే ఇన్నేళ్ళూ మీ ఇంట్లోనే ఉందన్నమాట."

కూతురు దగ్గరికొచ్చి మా నాన్న గొంతా అని అడిగింది. ముందు నేను విన్నాక నువ్వు విందువుగాని అని చెప్పి ఆమె నన్ను లోపలికి పిలిచి, ఏ మీట నొక్కాలో చూపించమని, చూపించాక బయటికి వెళ్ళమంది. తలుపు వేసుకుంది. నేను వీధి చివరి దాకా నడిచి వెళ్ళి, మాట వినపడనంత దూరంలో ఎండలో నిలబడ్డాను.

తలుపు తీసినప్పుడు ఆమె మొహంలో నేను భయపడినది ఏమీ కనపడలేదు. కూతుర్ని లోపలికి పంపి గడప మీద కూర్చుంది. నా వైపు చూడకుండా అంది: "ఆయన మాట్లాడింది ఇరవై ఏళ్ళ పిల్లతో బాబూ. ఆ పిల్ల ఎప్పుడో పోయింది. ఎవరి మొగుడో ఎవరితోనో చెప్పుకునే మాటలు చాటుగా విన్నట్టుంది నాకు."

క్షమించమన్నాను. ఆమె చాకు తీసుకుని మళ్ళీ కాయ అందుకుంది.

ఇప్పుడు మన ఫోన్ల నిండా గొంతులే. ఎక్కడున్నవాళ్ళయినా లేస్తే మాట్లాడతారు, కూర్చుంటే మాట్లాడతారు. వరుసలూ లేవు, ఎవరి వంతు ఆఖరన్నదీ లేదు. విన్నవాటిని తుడిచేసుకుంటూ పోతాం. మంచిదే. ఒక మనిషి గొంతు ఇంకొకరింటి అరలో, ఇంకొకరి తీరికకు ఎదురుచూస్తూ పడి ఉండాల్సిన అవసరం తప్పింది. కానీ ఒక్క మాట కోసం తల స్నానం చేసి పూలు పెట్టుకుని వచ్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చూసినప్పుడు గుర్తుపట్టలేదు.

టేప్‌రికార్డరు ఆమెకే వదిలేశాను. లోపల కూతురు వినడం అయ్యాక, క్యాసెట్టు ఒకసారి ఇమ్మని అడిగితే ఆమె వెంటనే ఇవ్వలేదు. ఎందుకో చెప్పాక, తన చేతిలో పట్టుకునే నా ముందుకు చాపింది. ఆ మామిడి చాకు అడిగి తీసుకుని, వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలూ మొనతో విరిచేశాను. ఇక దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. ఆ పనికి అర నిమిషం కూడా పట్టలేదు.